బెల్టు సాగితే.. పాట సాగుతుంది!
అటక దిగుతున్న రికార్డు ప్లేయర్లు.. ముల్లు వాల్చే ముందు సరిచూడవలసినవి ఎన్నో

చండ్రుగొండ: పందిరి వేసి, పొడవాటి వెదురు బొంగుకు మైకు కట్టి, తిరుగుతున్న ప్లేటుపై ముల్లు వాల్చారంటే నాలుగు ఊళ్ళకు పెళ్ళి కబురు అందినట్టే. కనకగిరి గుట్టల నుంచి భద్రాచలం అడవుల దాకా నాలుగైదు దశాబ్దాల క్రితం పల్లెవాసులకు పాట అంటే మైకు సెట్టు పాటే. 1980లలో క్యాసెట్లు వెల్లువెత్తాయి. తర్వాత సీడీలు, ఆపై చరవాణులు వచ్చాయి. రికార్డులు, వాటిని తిప్పే యంత్రాలు మూటకట్టి అటకెక్కాయి. వాటికి ఇప్పుడు మళ్ళీ గిరాకీ పుట్టింది. అమెరికాలో 2020లో రికార్డుల అమ్మకాల రాబడి సీడీల రాబడిని మించిపోయింది. 1986 తర్వాత అలా జరగడం అదే మొదలు. ఆ గాలి ఇటూ వీచింది. తాతల నాటి పెట్టెను దించి దుమ్ము దులిపేవారు కొందరైతే, ఆన్‌లైన్‌లో కొత్త యంత్రం తెప్పించుకునేవారు మరికొందరు.

చిక్కు ఇక్కడే ఉంది. రికార్డు సాధారణంగా దాచి ఉంచినంత మాత్రాన అరగదు. సరిగా అమర్చని యంత్రంపై ఒక్కసారి తిప్పితే మాత్రం అరుగుతుంది. ఘంటసాల ప్రైవేటు గీతాలో, బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలో అయితే మరో ప్రతి ఎక్కడైనా దొరకవచ్చు. పాత నాటక పద్యాల ప్లేట్లు, హరికథల ప్లేట్లు అలా కావు. ఇంట్లో ఉన్నదే చివరిది కావచ్చు. కాబట్టి ముందు యంత్రం, ఆ తర్వాతే పాట.

మీ పెట్టెలో ఉన్నది బెల్టేనా?

రికార్డును తిప్పే పద్ధతులు ప్రధానంగా మూడు. పాత గరార్డ్ తరహా యంత్రాల్లో మోటారుకు, పళ్ళేనికి నడుమ రబ్బరు చక్రం ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతుంది. రెండోది బెల్టు. మూడో రకంలో పళ్ళెం నేరుగా మోటారు ఇరుసుపైనే కూర్చుంటుంది. జపాను సంస్థ టెక్నిక్స్ 1970లో దీన్ని విపణిలోకి తెచ్చింది. బెల్టు పద్ధతికి పేరు తెచ్చినది మాత్రం అమెరికాలోని అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ. ఎడ్గార్ విల్చర్ రూపొందించిన ఆ యంత్రం 1961లో వెలువడింది. నేటి మధ్యతరగతి యంత్రాల్లో అత్యధికం ఆ బాటలోనివే.

సూత్రం కుట్టుమిషను చూసినవారికి కొత్తేమీ కాదు. మోటారు ఇరుసుకు చిన్న పుల్లీ ఉంటుంది. దానికీ బరువైన పళ్ళేనికీ కలిపి పలుచని రబ్బరు బెల్టు చుడతారు. మోటారు ఎంత మంచిదైనా కొద్దిగా వణుకుతుంది. ఆ వణుకును మెత్తని బెల్టు మింగేస్తుంది, పళ్ళెం బరువు వేగంలోని హెచ్చుతగ్గులను సర్దేస్తుంది. పుల్లీకి రెండు మెట్లు ఉంటే సన్నని మెట్టు నిమిషానికి 33⅓ చుట్లకు, లావు మెట్టు 45 చుట్లకు. కొన్నింటిలో వేగం మార్చే పని విద్యుత్ వలయమే చేస్తుంది.

ప్లగ్గు తీసేసి పళ్ళెంపై ఉన్న రబ్బరు చాప ఎత్తి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. పళ్ళెంలో రెండు కన్నాలు, వాటిలోంచి పుల్లీ కనబడితే బెల్టు రకమే. కొన్నింటిలో బెల్టు పళ్ళెం అంచు చుట్టూ బయటికే కనిపిస్తుంది. రబ్బరు చక్రం కనిపిస్తే బెల్టు గురించి కింద చెప్పే మాటలు దానికి వర్తించవు. మిగతావన్నీ వర్తిస్తాయి.

మట్టం తప్పితే మొదటికే మోసం

రికార్డు ప్లేయరుకు కావలసిన మొదటి వస్తువు కదలని బల్ల. ఇనుప బీరువా పైన, గాజు టీపాయ్ మీద పెట్టడం అలవాటుగా కనిపిస్తుంది. రెండూ తగవు. బీరువా రేకు మోగుతుంది. స్పీకర్లున్న బల్లమీదే ప్లేయరు పెడితే ఆ అదురు ముల్లుకు చేరి, మళ్ళీ స్పీకరులో మోగి, కాసేపటికి గదంతా ఊళ పెడుతుంది. గోడలోకి దించిన సిమెంటు అరమర అన్నిటికంటే మేలు. పల్లె ఇళ్ళలో అది ఎలాగూ ఉంటుంది.

తర్వాత మట్టం చూడాలి. మేస్త్రీల దగ్గరుండే చిన్న రసమట్టాన్ని పళ్ళెం మీద నిలువుగా, అడ్డంగా ఉంచి బుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళు సర్దాలి. కాళ్ళు తిరగని రకమైతే అడుగున అట్టముక్క చాలు. పళ్ళెం ఒక పక్కకు వాలితే ముల్లు గాడికి రెండు గోడలపైనా సమానంగా ఆనదు. ఒక స్పీకరు బాగా, ఒకటి బొంగురుగా పలుకుతుంటే చాలామంది స్పీకరును నిందిస్తారు. ముందు బుడగను చూడడం మంచిది. కొత్త యంత్రమైతే రవాణా కోసం బిగించిన మరలు, తాళ్ళు, ముల్లు మూత తీశారో లేదో చూసుకోవాలి.

బెల్టు ఎక్కించడానికి చేతులు కడుక్కుని తుడుచుకోవాలి. నూనె చేయి బెల్టుకు విషం. పళ్ళేన్ని బోర్లించి లోపలి వలయం చుట్టూ బెల్టును మెలిక పడకుండా వేసి, తిరిగి ఇరుసుపై కూర్చోబెట్టి, కన్నంలోంచి వేలితో లాగి పుల్లీకి తగిలించాలి. స్విచ్ వేయకముందే చేత్తో ఏడెనిమిది చుట్లు తిప్పితే మెలికలు వాటంతటవే సర్దుకుంటాయి.

బంగారం తూచినట్టు తూచాలి

అన్నిటికంటే నిదానంగా చేయవలసింది చేయి బరువు సరిచూడడం. ఎల్‌పీ రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాలు పాడితే ముల్లు గాడిలో నాలుగు వందల మీటర్లకు పైగా నడుస్తుంది. దానిపై పడే భారం రెండు గ్రాములే కావచ్చు. కానీ ఆ రెండు గ్రాములూ కంటికి ఆననంత చిన్న మొనపై పడతాయి. ఎక్కువైతే గాడి అరుగుతుంది. తక్కువైతే ఇంకా ప్రమాదం. ముల్లు గాడిలో కుదురుగా నిలవక ఎగిరెగిరి గోడలను కొడుతుంది. తేలిగ్గా ఉంటే రికార్డుకు మేలనుకోవడం పొరపాటు. తయారీదారు 1.5 నుంచి 2.5 గ్రాములని చెబితే నడిమికో, కాస్త పైకో ఉంచడం క్షేమం.

చేసే తీరు ఇది. మొదట యాంటీ స్కేటింగ్ మీటను సున్నాకు తేవాలి. ముల్లుకు దేనికీ తగలకుండా చేయిని గాలిలో వదిలి, వెనక బరువును తిప్పుతూ పోవాలి. చేయి త్రాసు కాడలా అడ్డంగా తేలి నిలిచినచోట ఆపి, అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తిప్పాలి. తర్వాత బరువును, చక్రాన్ని కలిపి తయారీదారు చెప్పిన అంకెకు తేవాలి. యాంటీ స్కేటింగ్ కూడా అదే అంకెకు. తిరిగే ప్లేటు ముల్లును నడిమికి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకు విరుగుడు ఈ మీట.

ముల్లు భారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటాలు దొరుకుతున్నాయి. గ్రాములో పదోవంతు చూపే కంసాలి కాటాతోనూ పని జరుగుతుంది. కాకపోతే దాని పళ్ళెం ఉక్కుదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం అతుక్కుని తూకం తప్పు చూపుతుంది. ఆడియో టెక్నికా ఎల్‌పీ60 వంటి ఆటోమేటిక్ యంత్రాల్లో వెనక బరువు ఉండదు, భారం కర్మాగారంలోనే స్థిరపరచి పంపుతారు. వాటిని కదిలించనక్కర లేదు.

ముల్లు ఎగిరినప్పుడల్లా చేయి కొసన పది పైసల బిళ్ల పెట్టడం ఒకనాటి మైకు సెట్టు చిట్కా. పాట అప్పటికి ఆగకుండా సాగేది. గాడి మాత్రం శాశ్వతంగా పోయేది. ఇవాళ పాత ప్లేట్లలో వినవచ్చే బుసలకు, గరగరలకు ఆ బిళ్లల పాపం కొంత ఉంది.

కార్ట్రిడ్జ్‌ను విప్పి బిగించే రకం యంత్రాల్లో ముల్లు కోణం కూడా చూడాలి. అంతర్జాలంలో దొరికే కొలత పటాన్ని పరిమాణం మారకుండా అచ్చు తీసి పళ్ళెంపై పరచాలి. ఇరుసు నుంచి సుమారు 66, 121 మిల్లీమీటర్ల దూరంలో ఉండే రెండు చుక్కలపైనా కార్ట్రిడ్జ్ పటం గీతలకు సమాంతరంగా నిలిస్తే కొలత కుదిరినట్టు. ఇది కుదరనప్పుడు ప్లేటు లోపలి పాటలు, అంటే చివరివి, చిలవలు పలవలుగా వినిపిస్తాయి.

మూడు నిమిషాలు.. నూరు చుట్లు

వేగం సరిగా ఉందో లేదో తేల్చడానికి పరికరమేమీ అక్కరలేదు. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలంటే మూడు నిమిషాలకు సరిగ్గా నూరు. ఎందుకూ పనికిరాని ప్లేటు ఒకటి వేసి, అంచుకు చిన్న కాగితం అంటించి, ముల్లు వాల్చి, సెల్‌ఫోన్ గడియారంతో లెక్కపెట్టాలి. ముల్లు వాల్చకుండా లెక్కిస్తే అసలు భారం తెలియదు. నూరు చుట్లకు 180 సెకన్లు పట్టాలి. 11 సెకన్లు అదనంగా పట్టిందంటే శ్రుతి ఒక స్వరస్థానం దిగిపోయినట్టే. హార్మోనియం వాయించేవారు ఇంతకంటే ముందే పసిగడతారు. 45 చుట్ల చిన్న ప్లేటైతే మూడు నిమిషాలకు 135 చుట్లు.

పళ్ళెం అంచున గీతలో, చుక్కలో ఉన్న యంత్రాలకు మరో పరీక్ష ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకు నూరుసార్లు మిణుకుతుంది. ఆ వెలుగులో 180 గీతల వరుస నిశ్చలంగా కనబడితే వేగం 33⅓. గీతలు వెనక్కి జారితే వేగం తగ్గింది, ముందుకు పాకితే పెరిగింది. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావరకు ఇలా మిణకవు కనుక వాటి కింద ఈ పరీక్ష నడవదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యంత్రాల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. అక్కడి కరెంటు 110 నుంచి 120 వోల్టులు, 60 ఆవృత్తులు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించగలదే గాని ఆవృత్తులను మార్చలేదు. ఏసీ సింక్రొనస్ మోటారు ఉన్న యంత్రమైతే ఇక్కడ ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ కాస్తా 27.8 అవుతుంది. సుశీల పాట మగగొంతులా సాగుతుంది. 50 ఆవృత్తులకు తగిన లావు పుల్లీ వేయడమే దీనికి మందు. చిన్న అడాప్టరుతో నడిచే డీసీ మోటారు యంత్రాలకు ఈ బెడద లేదు, అడాప్టరుపై 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే చాలు.

జబ్బు ఎక్కడ.. మందు ఎక్కడ

మోటారు గుయ్‌మంటున్నా పళ్ళెం కదలకపోతే తొంభై పాళ్ళు బెల్టే కారణం. ఏళ్ళ తరబడి అటకపై ఉన్న బెల్టు సాగి జారిపోతుంది, లేదా ఎండి పగులుతుంది. కొన్ని రకాలు కరిగి తారులా పుల్లీకి అంటుకుంటాయి. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో ఓపిగ్గా తుడవాలి. పెట్రోలు, కిరోసిన్ వాడితే ప్లాస్టిక్ భాగాలు, రబ్బరు రెండూ పాడవుతాయి.

సాగిన బెల్టును వేడినీళ్ళలో వేస్తే బిగుస్తుందన్న మాట నిజమే. కొద్ది రోజుల ముచ్చటే. సైకిలు ట్యూబును వలయంగా కోసి వేసేవారూ ఉన్నారు. మందం ఒక్కచోట తేడా ఉన్నా బెల్టు చుట్టి వచ్చినప్పుడల్లా పాట ఊగుతుంది. అసలైన బెల్టే వేయాలి. దాని ధర ఒక రికార్డు ధర కంటే ఎక్కువేమీ కాదు. యంత్రం నమూనా సంఖ్య చెప్పి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. సంఖ్య చెరిగిపోతే పాత బెల్టును కత్తిరించి పొడవు, వెడల్పు, మందం కొలవాలి. పాతది సాగి ఉంటుంది కనుక పొడవులో నాలుగైదు శాతం తగ్గించి అడగాలి. పాత యంత్రాల విడిభాగాలకు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్ చూసి రావడం దండగ కాదు.

కొత్త బెల్టు వేసినా వేగం తగ్గితే ఇరుసు గుంతను చూడాలి. పళ్ళెం ఎత్తి, నల్లబడిన పాత నూనె తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, వద్దు. బెల్టు తగిలే చోట ఏ నూనే పడరాదు. డీసీ మోటారు అడుగున రెండు సన్నని రంధ్రాలుంటే అవి వేగం సవరించే మరలు. బెల్టు, ఇరుసు సరిచూడకముందే వాటిని తిప్పడం మాత్రం జ్వరానికి థర్మామీటరును మార్చడం వంటిది.

వేసవిలో లో వోల్టేజీకి పాట నెమ్మదిస్తుందని ఒక నమ్మకం. సింక్రొనస్ మోటారు వేగం ఆవృత్తులను బట్టి ఉంటుంది గాని వోల్టేజీని బట్టి కాదు. వోల్టేజీ మరీ పడిపోతే శక్తి చాలక ఆగిపోతుంది, అంతే. చవక ఇన్వర్టరుపై నడిపితే మాత్రం మోటారు గుర్రుమంటుంది. పాట నడుమ కరెంటు పోతే, అది తిరిగి వచ్చేలోగా చేయి ఎత్తేయాలి.

స్పీకరులో ఎడతెగని ఝుంకారం వినబడితే యంత్రం వెనక వేలాడే సన్నని ఎర్తు తీగను చూడాలి. దాన్ని యాంప్లిఫయర్ వెనక మరకు బిగించాలి. చాలామంది ఎందుకూ పనికిరానిదని వదిలేసేది దాన్నే. పాట మరీ సన్నగా, దోమ రొదలా వస్తే ఫోనో ప్రీ యాంప్లిఫయర్ లేదన్నమాట. కార్ట్రిడ్జ్ ఇచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. దాన్ని తిరిగి సరిచేసేది ఆ ప్రీ యాంప్లిఫయరే. ప్లేయరులోనే అది ఉండి, యాంప్లిఫయర్‌లోనూ ఫోనో రంధ్రంలోనే పెడితే పని రెండుసార్లు జరిగి పాట బద్దలవుతుంది. ఒక స్పీకరు మూగబోతే ఎడమ, కుడి తీగలు మార్చి చూడాలి. మౌనం రెండో స్పీకరుకు మారితే లోపం ప్లేయరు వైపుది. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్నని తీగల్లో ఒకటి వదులై ఉంటుంది.

నల్ల ప్లేట్లన్నీ ఒకటి కావు

అటకపై దొరికే ప్లేట్లలో బరువైనవి, చేయి జారితే పగిలేవి నిమిషానికి 78 చుట్లవి. మన అడవుల్లోని మోదుగ వంటి చెట్లపై లక్క పురుగు పెట్టే లక్కతోనే వాటిని పోతపోసేవారు. కలకత్తా శివారు డండంలోని గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం వీటికి ప్రసిద్ధి. ఎల్‌పీని కొలంబియా సంస్థ అమెరికాలో 1948లో తెచ్చింది. అది వినైల్ ప్లాస్టిక్‌ది, గాడి సన్ననిది.

ఈ తేడా తెలియకే ఎక్కువ నష్టం జరుగుతోంది. 78 గాడి వెడల్పు ఎల్‌పీ గాడికి మూడు రెట్ల దాకా ఉంటుంది. ఎల్‌పీ ముల్లు అందులో పడితే అడుగున దుమ్ములో దొర్లుతూ గరగరలాడుతుంది, ముల్లూ పోతుంది. 78 ముల్లును ఎల్‌పీపై వాల్చితే గాడి చీలుతుంది. పాత పెట్టె ప్లేయర్లలో కార్ట్రిడ్జ్‌ను తిప్పే చిన్న మీట ఉండేది అందుకే, ఒక వైపు ఒక ముల్లు, మరోవైపు ఇంకొకటి. నేటి బెల్టు యంత్రాల్లో చాలావాటికి 78 వేగమే లేదు. విడిగా 78 ముల్లు అమర్చే వీలుంటే 45 వేగంతో తిప్పి కంప్యూటరులో నమోదు చేసి, తర్వాత వేగం పెంచుకోవచ్చు. స్వరం పూర్తిగా సహజంగా రావాలంటే మరికొంత సవరణ కావాలి గాని, ప్లేటు మాత్రం బతుకుతుంది.

కడగడంలోనూ అంతే. వడ్రంగులు కర్రకు మెరుగు పెట్టడానికి లక్కను స్పిరిట్‌లో కరిగిస్తారు. అదే స్పిరిట్‌తో 78 ప్లేటు తుడిస్తే ప్లేటే కరుగుతుంది. వాటికి చల్లని డిస్టిల్డ్ నీరు, మెత్తని గుడ్డ చాలు. ఎల్‌పీలకు ఆ నీటిలో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపి గాడి వెంట గుండ్రంగా తుడవాలి. నడిమి కాగితం తడవకూడదు. నిలబెట్టి నీడలో ఆరబెట్టాలి.

సూట్‌కేసులా మూసే చవక యంత్రాలు చూడముచ్చటగా ఉంటాయి. వాటిలో ఎక్కువ వాటికి సెరామిక్ కార్ట్రిడ్జ్, నాలుగైదు గ్రాముల భారం, సరిదిద్దే వీలు ఉండదు. కొత్త సినిమా రికార్డులకు పనికొస్తాయేమో గాని, తాతల ప్లేట్లకు తగవు. వజ్రపు ముల్లు ఆయుష్షు 500 నుంచి 1000 గంటలుగా చెబుతారు. నీలమణి ముల్లుకు కొన్ని పదుల గంటలే. అటకపై దొరికిన యంత్రంలోని ముల్లు ఎన్ని గంటలు నడిచిందో ఎవరికీ తెలియదు కనుక కొత్తది వేయనిదే అరుదైన ప్లేటు ముట్టరాదు. అన్నీ సరిచూశాక మొదటిసారి తిప్పేటప్పుడే పాటను ఫోనులోనో, కంప్యూటరులోనో నమోదు చేసుకుంటే ఆ ప్లేటుకు మళ్ళీ మళ్ళీ ముల్లు తగలవలసిన పని ఉండదు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేసవి ఎండలకు పెట్టింది పేరు. కిటికీ పక్కన, రేకుల కింద, కారులో వదిలిన ఎల్‌పీ ఒక్క మధ్యాహ్నానికే అప్పడంలా వంకర పోతుంది. వానాకాలం అడవి తేమకు గాడుల్లో తెల్లని బూజు, అట్టలకు చెదలు. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టి, గోడకు, నేలకు జానెడు ఎడంగా ఉంచాలి. నెలల తరబడి యంత్రం వాడకపోతే బెల్టును పుల్లీ నుంచి తప్పించి, పొడి కాగితంలో చుట్టి పెట్టె పక్కనే ఉంచాలి. సాగదీసి వదిలేస్తే పుల్లీ దగ్గర వంపు పడి, తిరిగి తిప్పిన రోజున ప్రతి చుట్టుకూ ఒక కుదుపు వినిపిస్తుంది.